కన్సోల్ చిప్ మొరాయిస్తే ముందు కాపీ, తరువాతే రిపేరు

ప్రశ్న: మేము అమెరికాలోని డాలస్‌లో ఉన్న రోజుల్లో పిల్లల కోసం నింటెండో వారి వీ యూ కన్సోల్ కొన్నాము. నలుపు రంగుది, 32 జీబీ మెమరీ ఉన్నది. ఇక్కడికి వచ్చేశాక వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని కొంతకాలం ఆడుకున్నారు. పెద్దవాడు ఇంజినీరింగ్‌లో చేరాక దాన్ని పెట్టెలో సర్ది అటక ఎక్కించాము. మొన్న సెలవులకు వచ్చి తీసి చూస్తే టీవీలో 160-0103 అనే ఎర్రర్ కోడ్ వచ్చి ఆగిపోతోంది. ఒక్కోసారి మెనూ వరకు వెళ్లి, ఆట తెరవగానే స్తంభించిపోతోంది. వాడు చిన్నప్పుడు సూపర్ మారియో మేకర్‌లో వారాల తరబడి కూర్చుని తయారుచేసిన లెవెల్స్ అన్నీ అందులోనే ఉన్నాయి. దగ్గర్లోని షాపులో చూపిస్తే, ఫార్మాట్ చేస్తే పనిచేయవచ్చు గానీ డేటా పోతుందన్నారు. ఆ డేటాను బయటికి తీసే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: దారి ఉంది. ఫార్మాట్‌కు ఒప్పుకోకుండా కన్సోల్‌ను ఇంటికి తెచ్చుకుని మీరు చాలా మంచి పని చేశారు. ఇక మీదట ఏం చేయాలో తేల్చుకునే వరకు దాన్ని ఆన్ చేయకండి. ఒక్కోసారి మెనూ వరకు వెళ్తోంది కదా, ఇంకో రెండుసార్లు ప్రయత్నిద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఈ కన్సోల్ ఆన్ అయినప్పుడు ఆ చిప్‌లో కొత్త సమాచారం రాసే అవకాశం ఉంది. చదవడానికే ఇబ్బంది పడుతున్న చిప్ మీద కొత్త రాతలు పడితే, నిన్నటి వరకు చదవగలిగిన భాగం రేపటికి చదవలేనిది కావచ్చు.

మీ అబ్బాయి లెవెల్స్ విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. సూపర్ మారియో మేకర్‌లో కొత్త లెవెల్స్ అప్‌లోడ్ చేసే సౌకర్యం 2021 మార్చి 31తో ఆగిపోయింది. వీ యూ ఆన్‌లైన్ ఆటల సేవలు 2024 ఏప్రిల్ 8న ముగిశాయి. అంటే ఆ లెవెల్స్‌కు మీ పెట్టెలోని కాపీ తప్ప వేరే ఆధారం ఉందనుకోవడానికి వీల్లేదు. ఆటలకు ఆ ఇబ్బంది లేదు. డిస్కు ఆట డిస్కులోనే ఉంటుంది, అప్పట్లో డబ్బు కట్టి దింపుకున్నవాటిని అదే ఖాతాతో మళ్లీ దింపుకునే వీలును, 2023 మార్చి 27న అమ్మకాలు ఆపేసిన తరువాత కూడా సంస్థ ఉంచింది. కాబట్టి మనం కాపాడవలసింది 32 జీబీ మొత్తాన్ని కాదు, అందులో అతి చిన్న భాగమైన సేవ్ ఫైళ్లను. ఇది మీకు అనుకూలమైన విషయం. చిప్‌లో అక్కడక్కడా పాడైన చోట్లు ఎక్కువ స్థలం ఆక్రమించిన ఆటల మీద పడే అవకాశమే ఎక్కువ, కొద్దిపాటి సేవ్ ఫైళ్ల మీద పడే అవకాశం తక్కువ.

ఇప్పుడు యంత్రం లోపలి సంగతి. వీ యూలో నిల్వ రెండు చోట్ల ఉంటుంది. ఒకటి 512 ఎంబీ చొప్పున రెండు భాగాలుగా ఉండే ఎస్ఎల్‌సీ ఫ్లాష్. కన్సోల్ లేవడానికి అవసరమైన తొలి ప్రోగ్రాములు, దీనికి ముందు వచ్చిన వీ అనే కన్సోల్ ఆటలను నడిపే వ్యవస్థ అందులో ఉంటాయి. రెండోది తెల్ల మోడల్‌లో 8 జీబీ, నల్ల మోడల్‌లో 32 జీబీ ఉండే ఈఎమ్ఎమ్‌సీ చిప్. మెనూ, ఆటలు, సేవ్ ఫైళ్లు, వినియోగదారుల ఖాతాలు ఇందులో ఉంటాయి. మీకు కనిపిస్తున్న లక్షణాలన్నీ ఈ రెండో చిప్ వైపే చూపిస్తున్నాయి, ఆ ఎర్రర్ కోడ్ కూడా సిస్టమ్ మెమరీలో సమస్య ఉందని చెప్పేదే. తొలి ప్రోగ్రాములు మొదటి ఫ్లాష్‌లో క్షేమంగా ఉండడం వల్లనే మీ కన్సోల్ కనీసం ఎర్రర్ చూపించే వరకైనా లేస్తోంది.

అసలు చిక్కు ఈఎమ్ఎమ్‌సీలో ఉన్న ప్రతి అక్షరం తాళం వేసి ఉండడంలో ఉంది. దాన్ని విప్పే కీ ఆ చిప్‌లో ఉండదు, కన్సోల్ ప్రధాన చిప్‌లో, ఫ్యాక్టరీలో ఒక్కసారి మాత్రమే రాసే ఓటీపీ అనే 1,024 బైట్ల చిన్న మెమరీలో ఉంటుంది. ఏ రెండు కన్సోళ్ల కీలూ ఒకటి కావు. అందువల్ల చిప్‌ను ఊడదీసి మరో వీ యూలో అతికించినా, లేదా చిప్‌లోని డేటానంతా కంప్యూటర్‌లోకి తెచ్చినా, ఆ కీ లేకుండా చేతికి వచ్చేది అర్థం లేని అంకెల కుప్ప మాత్రమే. నేను అన్నిటికంటే ముందు ఆ కీలను బయటికి తీయమని చెప్పడానికి కారణం ఇదే. మదర్‌బోర్డు బతికి ఉండగా అది కొద్ది నిమిషాల పని. మరమ్మతులో పొరపాటు జరిగి బోర్డే పోతే, చిప్ ఎంత బాగున్నా దానిలోని డేటా మనకు అందదు.

కీలను తీయడానికి కన్సోల్‌ను విప్పనవసరం లేదు. యూడీపీఐహెచ్ అనే ఉచిత సాధనం ఒకటి ఉంది. దాన్ని రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డులో ఎక్కిస్తారు. రికవరీ మెనూ ఫైలును ఒక ఎస్‌డీ కార్డులో పెట్టి కన్సోల్‌లో ఉంచుతారు. మిగతా యూఎస్‌బీ పరికరాలన్నీ తీసేసి, కన్సోల్ ఆన్ చేసి, టీవీ మీద వీ యూ అనే గుర్తు కనబడగానే పికోను ముందు వైపు యూఎస్‌బీ పోర్టులో పెట్టాలి. ఆ సమయం తప్పితే సాధనం పట్టుకోదు, కాబట్టి మీ అబ్బాయి పక్కనుంటే పని సులువవుతుంది. మామూలు మెనూ బదులు అక్షరాలతో ఉన్న రికవరీ మెనూ వస్తుంది. దానిలో ఎజెక్ట్ మీటతో కిందికి దిగుతూ, పవర్ మీటతో ఎంపిక చేసుకుంటారు. ఓటీపీని, సీప్రామ్ అనే మరో చిన్న మెమరీని డంప్ (కాపీ) చేసే వరుసను ఎంచుకుంటే ఎస్‌డీ కార్డులో రెండు ఫైళ్లు తయారవుతాయి. ఓటీపీ ఫైలు సరిగ్గా 1,024 బైట్లు, సీప్రామ్ ఫైలు 512 బైట్లు ఉండాలి. రెంటినీ వెంటనే కంప్యూటర్‌లోనూ, మరో పెన్ డ్రైవ్‌లోనూ కాపీ చేసుకోండి. కన్సోల్‌ను ఆన్ చేయవద్దన్న నా మాటకు ఈ ఒక్క పని మినహాయింపు.

కన్సోల్‌తో వచ్చిన అమెరికా అడాప్టర్ 120 వోల్టులకు చేసినదని మీకు తెలిసే ఉంటుంది. ఇన్నాళ్ల తరువాత పాత ట్రాన్స్‌ఫార్మర్‌ను మళ్లీ తగిలించే ముందు దాని నుంచి వస్తున్న వోల్టేజిని ఒక మల్టీమీటర్‌తో చూసుకోవడం మంచిది. చిప్ ఇప్పటికే బలహీనంగా ఉంది, దానికి సరఫరా ఒడుదుడుకులు తోడుకాకూడదు.

తరువాతి మెట్టు చిప్‌లోని డేటా అంతటికీ ప్రతిని, అంటే కాపీని, తీయడం. దీనికి బోర్డు విప్పి, ఈఎమ్ఎమ్‌సీకి వెళ్లే గడియారం, ఆదేశం, డేటా అనే మూడు తీగలను, గ్రౌండునూ, విద్యుత్ సరఫరానూ సన్నని వైర్లతో బయటికి తెచ్చి, కార్డు రీడర్‌కు గానీ ఫోన్ చిప్‌లు చదివే బాక్సుకు గానీ కలుపుతారు. ఈఎమ్ఎమ్‌సీ మాట్లాడే భాష ఎస్‌డీ కార్డు భాషకు దగ్గరి చుట్టం కావడం వల్ల ఇది సాధ్యపడుతోంది. సోల్డరింగ్ అలవాటు లేనివారు ఇంట్లో చేయవలసిన పని మాత్రం కాదు. ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ వంటి చోట్ల ఫోన్ల మదర్‌బోర్డుల మీద నిత్యం ఇటువంటి వైర్లు వేసే మెకానిక్‌లు ఉంటారు. కన్సోల్ గురించి తెలిసినవారి కోసం వెతక్కండి, ఈఎమ్ఎమ్‌సీని వైర్లతో చదివిన అనుభవం ఉన్నవారి కోసం అడగండి. అప్పజెప్పే ముందు మూడు మాటలు కాగితం మీద రాసి ఇవ్వండి: చిప్‌ను చదవాలి తప్ప దానిలో ఏమీ రాయకూడదు, ఫార్మాట్ అనే మాటే ఎత్తకూడదు, చిప్‌ను ఊడదీయాల్సి వస్తే ముందు మీకు ఫోన్ చేయాలి. దీనికి ఒప్పుకోని షాపులో ఆ కన్సోల్‌ను వదిలి రాకండి.

ఆ కాపీ చేతికి వచ్చాక మిగతాదంతా కంప్యూటర్ పనే. వీ యూ వాడే ఫైల్ వ్యవస్థ పేరు డబ్ల్యూఎఫ్ఎస్. దాన్ని చదివే ఉచిత ప్రోగ్రాములకు చిప్ ప్రతిని, ఓటీపీ ఫైలును చూపిస్తే లోపలి ఫోల్డర్లను విడదీసి ఇస్తాయి. సేవ్ అనే ఫోల్డర్‌లో ఒక్కో ఆటకు ఒక్కో సంఖ్యతో ఫోల్డర్ ఉంటుంది, దాని లోపల ఒక్కో వినియోగదారుడికి 80000001 మొదలుకుని మరొకటి ఉంటుంది. మీ పిల్లలకు వేర్వేరు ఖాతాలు ఉండి ఉంటే ఎవరి లెవెల్స్ ఎక్కడున్నాయో ఆ సంఖ్యలే చెబుతాయి. ఆ ఫోల్డర్లను అలాగే భద్రపరచుకోండి. మరమ్మతు పూర్తయ్యాక ఇదే కన్సోల్‌లోకి గానీ, పాతది కొన్న మరో వీ యూలోకి గానీ సేవ్‌మీ అనే సాధనంతో వాటిని తిరిగి ఎక్కించవచ్చు. తాళం విప్పిన సేవ్ ఫైలు సాధారణంగా మరో వీ యూలో కూడా పనిచేస్తుంది.

కన్సోల్ మరమ్మతు చివరి మెట్టు. ఈఎమ్ఎమ్‌సీ స్థానంలో అంతే పరిమాణమో అంతకంటే ఎక్కువదో అయిన కొత్త చిప్ పెట్టి, పాత ప్రతిని దాని మీద యథాతథంగా రాస్తే, కీ ప్రధాన చిప్‌లోనే ఉంటుంది కనుక కన్సోల్ దాన్ని తన సొంత చిప్‌గానే చదువుకుంటుంది. చిప్ బదులు మైక్రో ఎస్‌డీ కార్డును అమర్చే చిన్న అడాప్టర్ బోర్డులు కూడా దొరుకుతున్నాయి. జపాన్‌లో 2024 జులైలోనే విడిభాగాలు అయిపోయి సంస్థ ఈ కన్సోల్ మరమ్మతులను ఆపేసింది కనుక, ఇటువంటి మార్గాలే ఇప్పుడు ఆధారం.

ప్రశ్న: నాకు విజయవాడలో ఫోన్ల రిపేరు షాపు ఉంది. ఈఎమ్ఎమ్‌సీ చదివే బాక్సు కూడా ఉంది. ఒక కస్టమర్ తెచ్చిన వీ యూ చిప్‌ను వైర్లు వేసి కంప్యూటర్‌కు కలిపితే, విండోస్ దాన్ని గుర్తించింది గానీ డిస్కును ఫార్మాట్ చేయాలని అడుగుతోంది. చిప్ పోయినట్టేనా? మధ్యలో కొన్నిచోట్ల రీడ్ ఎర్రర్లు కూడా వస్తున్నాయి. చిప్‌ను ఊడదీసి సాకెట్‌లో పెట్టి చదివితే మేలా?
– ఒక మెకానిక్, విజయవాడ

జవాబు: చిప్ పోలేదు. విండోస్ అలా అడగడమే చిప్ తన పరిమాణాన్ని సరిగా చెప్పి, మాటకు బదులిస్తోందనడానికి గుర్తు. ఫోన్లలో కనిపించే విభజన పట్టిక ఇందులో ఉండదు. మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ వరకు తాళం వేసిన డేటాయే కాబట్టి విండోస్‌కు అది ఖాళీ డిస్కులాగా కనిపిస్తుంది. ఆ పెట్టెలో కాన్సిల్ నొక్కి మూసేయండి. వీలైతే ఈ పనికి లినక్స్ కంప్యూటర్‌ను వాడండి, అదీ డిస్కును తనంతట తాను తెరవకుండా సెట్టింగ్ మార్చుకున్నాకే.

ఊడదీయవద్దు, కనీసం ఇప్పుడే వద్దు. ఫ్లాష్ మెమరీలో ప్రతి బిట్టూ ఒక కణంలో బంధించిన విద్యుదావేశం. ఏళ్ల తరబడి అది నెమ్మదిగా జారిపోతూ ఉంటుంది, వేడి తగిలితే ఆ జారుడు వేగం పెరుగుతుంది. సీసం లేని సోల్డర్ కరగాలంటే చిప్ 217 డిగ్రీలు దాటి వేడెక్కాలి. ఆవేశం ఇప్పటికే అంచున ఉన్న కణాలు ఆ వేడికి అటో ఇటో తిరిగిపోవచ్చు. చెయ్యి తిరిగిన పనివారికి కూడా ఇది ఆరోగ్యంగా ఉన్న చిప్‌తో చేసే రీబాలింగ్ లాంటిది కాదు. బోర్డు మీది వైర్లతో చదవగలిగినదంతా చదివిన తరువాత, ఇంకా ముఖ్యమైన భాగం రాలేదని తేలితేనే ఊడదీయడం గురించి ఆలోచించండి.

రీడ్ ఎర్రర్ల విషయంలో తొందరపాటు పనికిరాదు. వైర్లు వీలైనంత పొట్టిగా, గ్రౌండు వైరు డేటా వైరు పక్కనే ఉండేలా చూసుకోండి. బాక్సులో గడియార వేగాన్ని అతి తక్కువకు దించి, ఒకే డేటా తీగతో చదవండి. చాలా ఎర్రర్లు చిప్‌వి కాక వైర్లవే అవుతుంటాయి, వేగం తగ్గించగానే పోతాయి. చదివేటప్పుడు కన్సోల్ ప్రాసెసర్ అదే తీగల మీద మాట్లాడకుండా ఆపి ఉంచడం కూడా మరువకండి. అప్పటికీ మిగిలిన ఎర్రర్ల కోసం, పాడైన డిస్కుల నుంచి డేటా తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము వాడటం నా సలహా. అది పాడైన చోటు తగలగానే అక్కడే తల బాదుకోకుండా ముందుకు దూకి, బాగున్న భాగాన్నంతా ముందు తెచ్చుకుని, తరువాత వెనక్కి వచ్చి మిగిలిన సెక్టార్లను ఒక్కొక్కటిగా అడుగుతుంది. ఏ సెక్టార్ వచ్చింది, ఏది రాలేదు అన్నది మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కనుక, మధ్యలో చిప్ మూగబోయినా విద్యుత్ తీసి, కాసేపు చల్లబడనిచ్చి, ఆగినచోటు నుంచే కొనసాగించవచ్చు. ఫోన్ బాక్సులలో చాలావాటికి ఈ ఓపిక ఉండదు. ఒక ఎర్రర్ రాగానే ఆగిపోతాయి, లేదా ఆ చోట సున్నాలు నింపి ఆ సంగతి మీకు చెప్పకుండానే ముందుకు పోతాయి. తరువాత చూసుకునే మనిషికి ఆ సున్నాలు చిప్‌లో ఉన్నవో, బాక్సు నింపినవో తెలియదు.

కాపీ పూర్తయ్యాక మరోసారి మొదటి నుంచి చదివి, రెండు ప్రతుల హ్యాష్ విలువలను, అంటే డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్యలను, పోల్చండి. రెండూ ఒకటైతే నిశ్చింతగా ఉండవచ్చు. తేడా వస్తే, ఎర్రర్ చూపకుండానే తప్పు డేటా ఇస్తున్న చోట్లు ఉన్నాయన్నమాట. ఆ తేడాలున్న సెక్టార్లను మరికొన్నిసార్లు చదివి, ఎక్కువసార్లు ఒకేలా వచ్చినదాన్ని తీసుకోండి. ఇందులో ధైర్యం చెప్పే సంగతి ఒకటుంది. ఈ తాళం ఏఈఎస్ పద్ధతిలో 16 బైట్ల ముక్కలుగా, ఒకదానికొకటి గొలుసు కట్టి వేసినది. ఒక బిట్టు తప్పయితే ఆ 16 బైట్లు పాడై, తరువాతి ముక్కలో ఒక బిట్టు మారుతుందే తప్ప ఫైలంతా కొట్టుకుపోదు. అయితే ఫోల్డర్ల వివరాలున్న చోట ఆ తప్పు పడితే, కన్సోల్ హ్యాష్ సరిచూసుకుని మొత్తం డిస్కునే తిరస్కరించవచ్చు. కన్సోల్ తెరవని డిస్కులోంచి కూడా కంప్యూటర్ ప్రోగ్రాముతో చాలా ఫైళ్లను రాబట్టడం సాధ్యమే కాబట్టి, తిరిగి రాసిన చిప్‌తో కన్సోల్ లేవలేదని ఆ ప్రతిని పారేయకండి.

చిప్ అసలు బదులే ఇవ్వకపోతే లోపలి కంట్రోలర్ చెడిందని అర్థం. ఈఎమ్ఎమ్‌సీ అంటే ఒకే పొట్లంలో ఫ్లాష్ మెమరీ, దాన్ని నడిపే కంట్రోలర్ రెండూ ఉన్న చిప్. ఏ డేటా ఏ గదిలో పెట్టానన్న లెక్క కంట్రోలర్‌కే తెలుసు. ఆ లెక్క లేకుండా నేరుగా ఫ్లాష్‌ను చదివి, చెల్లాచెదురైన ముక్కలను తిరిగి వరుసలో పేర్చడం డేటా రికవరీ ల్యాబుల పని, ఖర్చూ ఎక్కువే. ఆ దశలో కస్టమర్‌కు ఉన్న సంగతి చెప్పి, వారి దగ్గర ఓటీపీ డంప్ ఉందో లేదో కనుక్కోండి. అది లేనిదే ల్యాబు ఇచ్చిన ఫలితం కూడా తాళం విప్పలేని డేటాగానే మిగులుతుంది.

ప్రశ్న: మా వీ యూ బాగానే పనిచేస్తోంది. అటక మీద ఉంచితే చిప్ పాడవుతుందని విన్నాము. నెలకోసారి ఆన్ చేసి ఉంచితే చాలా? ఆటలన్నీ యూఎస్‌బీ హార్డ్ డిస్కులోకి మార్చేస్తే క్షేమమేనా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: అప్పుడప్పుడు ఆన్ చేయడం మంచిదే గానీ దాన్నే రక్షణ అనుకోవద్దు. విద్యుత్ అందినంత మాత్రాన కంట్రోలర్ చిప్‌లోని డేటానంతా తిరగరాసి కొత్తది చేస్తుందన్న హామీ లేదు. హార్డ్ డిస్కులోకి మార్చడం కూడా సగం రక్షణే, ఎందుకంటే దానికి కూడా మీ కన్సోల్ కీలతోనే తాళం పడుతుంది. కన్సోల్ చెడితే ఆ డిస్కును మరో కన్సోల్ చదవదు. యంత్రం బాగున్న ఈ రోజుల్లోనే సేవ్‌మీతో సేవ్ ఫైళ్లన్నిటినీ ఎస్‌డీ కార్డులోకి తీసుకోండి. పైన చెప్పిన ఓటీపీ, సీప్రామ్ ఫైళ్లను కూడా తీసి, ఆ కార్డులోనివాటిని కంప్యూటర్‌లో మరోచోట దాచండి. హార్డ్ డిస్కు కీ సీప్రామ్‌తో ముడిపడి ఉంటుంది కనుక రెండో ఫైలును చిన్నచూపు చూడకండి. ఓ సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని ఇది. అటకను మాత్రం మార్చండి. ఎండాకాలం పైకప్పు కింద పేరుకునే వేడి ఏ ఫ్లాష్ చిప్‌కూ మంచిది కాదు, అది తెనాలిలోనైనా న్యూజెర్సీలోనైనా.

ప్రశ్న: మా పాప నింటెండో స్విచ్ ఆన్ కావడం లేదు. మైక్రో ఎస్‌డీ కార్డు తీసి దాచాము. సేవ్ చేసిన ఆటలు అందులో ఉంటాయి కదా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఉండవు. స్విచ్‌లో కార్డులోకి వెళ్లేవి ఆటలు, ఫొటోలు, వీడియోలు మాత్రమే. సేవ్ ఫైళ్లు ఎప్పుడూ లోపలి మెమరీలోనే ఉంటాయి. నింటెండో వారి ఆన్‌లైన్ చందా తీసుకుని ఉంటే చాలా ఆటల సేవ్‌లు వారి సర్వర్‌లో కూడా ఉంటాయి కనుక ముందుగా అది చూసుకోండి. కొన్ని ఆటలకు మాత్రం ఆ సౌకర్యం లేదు. 2017లో వచ్చిన మామూలు స్విచ్‌లో ఈఎమ్ఎమ్‌సీ ఒక చిన్న విడి బోర్డు మీద, కనెక్టర్‌తో మదర్‌బోర్డుకు తగిలించి ఉంటుంది. స్విచ్ లైట్‌లో అది మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. ఇందులో కూడా కీలు కన్సోల్‌వే కాబట్టి, ఆ చిన్న బోర్డును మరో స్విచ్‌లో పెట్టి చూడటం వృథా ప్రయాస. స్విచ్ ఆన్ కాకపోవడానికి మెమరీ కంటే బ్యాటరీ, చార్జింగ్ పోర్టు, విద్యుత్ సరఫరా చిప్‌లు కారణమయ్యే సందర్భాలే ఎక్కువ. వాటిని బాగుచేస్తే సేవ్‌లు ఉన్నచోటే క్షేమంగా కనిపిస్తాయి. షాపులో మదర్‌బోర్డు మారుస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. కీలు ఆ పాత బోర్డుతోనే పోతాయి.